అంతర్జాల నిర్మాతల శిష్టాచారము: ఒక లాక్షణిక విమర్శ

యంత్రశాస్త్రజ్ఞులు వ్రాసిన పత్రములను సాహిత్య విమర్శకులు చదువుట మనలో అరుదు. అవి లెక్కలతోను పటములతోను నిండియుండునని, అందు విమర్శకునకు పని లేదని మనము తలంతుము. ఈ తలంపు అన్నిచోట్ల సరికాదు. కంప్యూటర్ల జాలమును నిర్మించువారు తమ పద్ధతులను లిఖించుకొన్న పత్రముల వరుస యొకటి కలదు. దాని ఆంగ్లనామమునకు 'వ్యాఖ్యలను కోరుట' యని అర్థము, ఆర్.ఎఫ్.సి. యని పొడి అక్షరములతో వ్యవహరింతురు. 1969 ఏప్రిల్ 7వ తేదీన మొదటి పత్రము వెలువడినది. నేటికి వాని సంఖ్య తొమ్మిదివేలు దాటినది. వీనిని చదువునపుడు నాకు గణితము కంటె వ్యాకరణమే ఎక్కువగ జ్ఞప్తికి వచ్చినది. ఏది విధి, ఏది వికల్పము, ఏది నిషేధము, శిష్టులు దేని నాచరించుచున్నారు, ఆచారము సూత్రమును మీరినపుడు దేనిని దిద్దవలెను? ఇవియే అందలి ప్రధాన ప్రశ్నలు. తెలుగు పాఠము చెప్పుకొని బ్రదుకువాడనగుటచే తీగలను గూర్చి మాటాడు అధికారము నాకు లేదు. మాటలను గూర్చి కొంత కలదు.

మొదటి పత్రమును వ్రాసిన స్టీవ్ క్రాకర్ అప్పటికి లాస్ ఏంజెలిస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయమున విద్యార్థి. తమవంటి పిన్నలు నియమములు శాసించుచున్నారని పెద్దలు కోపగింతురేమో యను జంకుతో ఆయన తన వ్రాతకు 'వ్యాఖ్యలను కోరుట' యను పేరు పెట్టెను. ఇంటిలోనివారి నిద్ర చెడకుండుటకై స్నానాలగదిలో కూర్చుండి వ్రాసితినని ఆయనయే తరువాత చెప్పుకొనియున్నాడు. మన కవులు కృత్యాదిని చెప్పు వినయము అలంకారప్రాయము. ఇచ్చటి వినయము నిర్మాణసూత్రమే యైనది. ఎవరైనను ఆక్షేపింపవచ్చును, ఆక్షేపణ నిలిచినచో క్రొత్త సంఖ్యతో క్రొత్త పత్రము వచ్చును. పాత పత్రమును చెరపరు, తిరిగి వ్రాయరు. దానిని ఫలానా పత్రము త్రోసివేసినదని గుర్తు మాత్రము పెట్టుదురు. కాత్యాయనుడు వార్తికమున సవరించినను పాణిని సూత్రము సూత్రముగనే నిలిచియుండుట వంటిదే యిది. ఈ వరుసకు తొలినాళ్లనుండి సంపాదకుడైన జాన్ పోస్టెల్ 1998 అక్టోబరు 16న మరణించువరకు ఆ బాధ్యతను వహించెను. ఇంత దీర్ఘకాలము ఒక్క చేయి కాపాడినందుననే ఆ పత్రముల శైలి యొక్క తీరున నడచినదనుట అతిశయోక్తి కాదు.

వీనిలో భాషాధ్యాపకుడు మొదట చదువదగినది 2119వ పత్రము. 1997 మార్చిలో స్కాట్ బ్రాడ్నర్ దీనిని వ్రాసెను. మూడు పుటలు మాత్రమే. యంత్రమును ఎట్లు కట్టవలెనో ఇందొక్క మాటయైనను చెప్పలేదు. ఆంగ్లమునందలి 'మస్ట్', 'షుడ్', 'మే' మొదలగు పదములకు అర్థనిర్ణయము చేయుటయే దీని పని. మొదటిది మినహాయింపు లేని విధి. రెండవది చేయదగినదే, కాని ప్రత్యేక సందర్భమున తగిన కారణమున్నచో, మానుట వలన కలుగు ఫలితములను పూర్తిగ తెలిసికొని, తూచి చూచి మానవచ్చును. మూడవది కర్త యిచ్ఛకు విడువబడినది. నిషేధములందును ఈ తారతమ్యము పాటింపబడినది. ఇంతటితో ఊరకుండక, ఈ పదములను పొదుపుగ వాడవలెననియు, రెండు యంత్రములు ఒకదానితో నొకటి మాటాడుటకు నిజముగ అవసరమైనచోటనో, కీడును అరికట్టవలసినచోటనో తప్ప ఇతరులపై తమ పద్ధతిని రుద్దుటకు వాడరాదనియు ఆ కర్త హెచ్చరించెను. లక్షణకర్త తన అధికారమునకు తానే హద్దు గీచికొనుట శాస్త్రచరిత్రలో తరచుగ కనబడదు. ఆ మూడు పుటలలో నాకు మిక్కిలి నచ్చిన భాగ మిదియే.

పరవస్తు చిన్నయసూరి 1858లో వెలువరించిన బాలవ్యాకరణమును దీని ప్రక్కనుంచి చూతము. సూరి సంధి పరిచ్ఛేదమున ఉకారసంధిని నిత్యముగను, ఏమ్యాదుల ఇకారసంధిని వైకల్పికముగను, అకారసంధిని బహుళముగను విధించెను. నిత్యము 'మస్ట్'నకు సరిపోవును; వైకల్పికము 'మే'నకు సరిపోవును. బహుళమో? అది ఒకచోట కార్యమగుటను, ఒకచోట కాకుండుటను, ఒకచోట వికల్పమును, ఒకచోట మరియొక రూపము కలుగుటను తనలో ఇముడ్చుకొన్న విచిత్రమైన సంజ్ఞ. కవిప్రయోగములను చూచి తెలిసికొనవలసినదే కాని, సూత్రమును చూచి తెలియునది కాదు. ఇట్టి సంజ్ఞతో రెండు యంత్రములను కలుపబూనినచో ఒకటి మాటాడుచుండగ రెండవది మౌనము వహించును. కావున బహుళమునకు ఆ పత్రములలో చోటు లేదు. మరియు 'షుడ్'నకు మన వ్యాకరణమున సరిజోడు లేదు. వైయాకరణుడు కవిని కారణము చెప్పుమని అడుగడు. దానికి జోడు ధర్మశాస్త్రమున దొరకును: సామాన్యధర్మము, దానిని మీరుటకు అనుమతించు ఆపద్ధర్మము. అయితే ఆపద్ధర్మమున కొక లోకసాక్షి కలదు. కరవు వచ్చినదో లేదో ఊరివారందరు ఎరుగుదురు. 'షుడ్'ను మీరిన ఇంజనీరు తూచి చూచెనో చూడలేదో చెప్పు సాక్షి లేడు. తూచిన లెక్కను ఎచ్చట వ్రాసియుంచవలెనో ఆ పత్రము చెప్పలేదు. ఇది దానియందలి లోపము. ఏకాభిప్రాయము కుదరనపుడు 'మస్ట్'ను 'షుడ్'గ మెత్తబరచి పత్రమును ముగించుటకు ఈ లోపము దారి తీయును. అట్టి 'షుడ్' నియమము కాదు, సంధిపత్రము.

ఈ వింత ఆ శాస్త్రజ్ఞులకు తెలియక కాదు. 2013 ఏప్రిల్ 1న, అనగా నవ్వులాటల దినమున, వెలువడిన 6919వ పత్రము మరికొన్ని విధిపదములను ప్రతిపాదించినది. చేయకతప్పదు గాని మీరు చేయరని మాకు తెలియును అను అర్థము గలది వానిలో నొకటి. హాస్యమేయైనను అనేక వ్యాఖ్యానములకంటె ఇది సూటిగ తాకును.

ఇంకొక చిక్కు లిపికి సంబంధించినది. 'మస్ట్' అను పదము సాధారణ వాక్యములందును వచ్చును గదా. ఎప్పుడు సంజ్ఞ, ఎప్పుడు మామూలు మాట? 2017 మే నెలలో వెలువడిన 8174వ పత్రము దీనిని తేల్చినది: అన్నియు పెద్ద అక్షరములతో వ్రాసినపుడే సంజ్ఞార్థము. ఆంగ్లమునకు ఈ ఉపాయము చాలును. తెలుగులిపికి పెద్ద అక్షరములు లేవు. కన్నడమునకు, తమిళమునకు, ఓఢ్రమునకు, మరాఠీకిని లేవు. పైగా మన 'వలెను' అను ప్రత్యయమున ఆజ్ఞయు ఔచిత్యమును కలిసియున్నవి. 'పన్ను కట్టవలెను' అన్నను, 'పెద్దలను గౌరవింపవలెను' అన్నను ప్రత్యయ మొకటియే. ఇట్టి పత్రమును తెనిగించువాడు క్రియారూపములపై ఆధారపడినచో మోసపోవును. మన ప్రాచీనులు చూపిన దారియే ఇచ్చట శరణ్యము: క్రియను విడిచి, పారిభాషిక పదమును పట్టుకొనుట. 'నిత్యముగ చేయవలెను', 'ప్రాయికముగ చేయవలెను', 'వైకల్పికముగ చేయవచ్చును' అని వ్రాసినచో అక్షరముల పరిమాణముతో పని లేదు. నూటయేబది యేండ్లు దాటిన వ్యాకరణ పరిభాష కంప్యూటరు యుగమున వట్టి పాతసామాను కాదని దీనివలన తెలియగలదు.

ఇక శిష్టాచారము. 1995 ఆగస్టులో 1818వ పత్రము క్రొత్త తరగతి నొకదానిని ఏర్పరచినది. దాని పేరునకు 'ప్రస్తుతమునకు ఉత్తమమైన ఆచారము' అని అర్థము చెప్పవచ్చును. 'ప్రస్తుతము' అను విశేషణము లేకున్నచో ఆ పేరు అహంకారముగ నుండెడిది. ఈ తరగతిలో 38వదిగ 2000 మే నెలలో చేరిన ఆచారము విమర్శకు మంచి ఉదాహరణము. జాలమున పోవు ప్రతి ప్యాకెట్టుపై పంపినవాని చిరునామాయు చేరవలసినవాని చిరునామాయు నుండును. త్రోవలోని రౌటర్లు సాధారణముగ రెండవదానినే చూచును. కావున దుర్మార్గుడు పంపినవాని చోట ఇతరుని చిరునామా వ్రాసి, వేలకొలది సర్వర్లకు చిన్న ప్రశ్నలు పంపినచో, పెద్ద జవాబులన్నియు ఆ నిరపరాధి వాకిట కుప్పపడును. దీనికి విరుగుడు సులభము. ఖాతాదారులను జాలమున కలుపు సంస్థ తన గడప దాటు ప్యాకెట్టుపై తన ఖాతాదారునకు కేటాయింపని చిరునామా కనబడినచో అచ్చటనే పారవేయవలెను. గడప దాటిన తరువాత కనుగొనుట దుస్తరము.

ఇంత స్పష్టమైన ఆచారము సర్వత్ర ఏల పాటింపబడలేదు? ఖర్చు పాటించువానిది, లాభము ఎదుటివానిది యగుటచేత. తన గడపను కాపలా కాయువాడు లోకమును తననుండి కాపాడునే గాని, లోకమునుండి తనను కాపాడుకొనలేడు. చెరువు పూడిక తీయుటకు పైవాటముననున్న రైతును పిలిచినట్లుండును. ఇట్టిచోట్ల మంచి పద్ధతి యేదో తెలియకపోవుట లోటు కాదు. దానిని పాటింపనివాని నడుగువారు లేకపోవుట లోటు. ఉత్తమాచారముల పట్టికలు ప్రకటించుటతో పని ముగిసినదనుకొను సంస్థలన్నియు ఈ 38వ ఆచారము చరిత్రను చదువదగును.

సాల్ట్‌జర్, రీడ్, క్లార్క్ అను మువ్వురు 1984లో ప్రకటించిన వ్యాసము ఈ శాస్త్రమునకు మూలస్తంభమని చెప్పుదురు. నమ్మకము, భద్రత మొదలగు పనులను నడిమి యంత్రములు ఎంత చేసినను తుదకు చివరలనున్న యంత్రములే సరిచూచుకొనవలసియుండును. కావున నడిమిని తేలికగ నుంచి తెలివిని కొనలయందుంచుట మేలని దాని సారము. దీనిపై చాలినంత వ్రాయబడినది. నేను క్రొత్తగ చెప్పగలిగినది లేదు.

పోస్టెల్ పేర ప్రసిద్ధమైన ఔదార్యసూత్రమును గూర్చి మాత్రము కొంత నిలువవలెను. 1980లోను 1981లోను వెలువడిన ప్రోటోకాల్ పత్రములలో ఆయన దీనిని చెప్పెను: పంపునపుడు జాగ్రత్తగ నియమమును పాటింపుము, పుచ్చుకొనునపుడు ఉదారముగ నుండుము అని తాత్పర్యము. వినుట కెంతో సొంపైన మాట. గృహస్థధర్మమువలె తోచును. జాలము పసిబిడ్డగ నున్న దినములలో, ఒక్కొక్క విశ్వవిద్యాలయమువారు ఒక్కొక్క తీరున ప్రోగ్రాములు వ్రాసికొన్న కాలమున, ఈ ఔదార్యమే దానిని బ్రదికించినది. కాని 2023 జూన్‌లో వెలువడిన 9413వ పత్రము దీనిని నిశితముగ విమర్శించినది. పుచ్చుకొనువాడు తప్పును మన్నించినచో పంపువానికి తన తప్పు తెలియదు. తెలియని తప్పు వ్యాపించును. వ్యాపించిన తప్పును క్రొత్తగ వచ్చినవారందరు మన్నింపక తప్పదు. తుదకు నియమపత్రమున లేని తప్పులే అసలు నియమమగును. వెబ్ పుటల చరిత్ర ఇందుకు నిదర్శనము: మూతపడని గుర్తులను, తలక్రిందులైన వరుసలను బ్రౌజర్లు ఓర్పుతో సరిచేసి చూపుచు వచ్చినవి, తరువాతి ప్రమాణకర్తలు ఆ తప్పులను ఎట్లు చదువవలెనో కూడ విస్తరముగ విధింపవలసివచ్చినది.

తెలుగువారికి ఈ కథ క్రొత్తది కాదు. శకటరేఫమును సాధురేఫముతో కలుపరాదని లాక్షణికులు కట్టడి చేసిరి. 'అరుగు' అనగా వెళ్లుట, 'అఱుగు' అనగా జీర్ణమగుట. వినువారు రెండింటిని ఒకటిగ స్వీకరించిరి. వ్రాయువారు ఒకటిగ వ్రాసిరి. నేడు ఆ భేదము నిఘంటువులయందును పండితుల నోళ్లయందును మిగిలినది. ఇంత జరిగినను తెలుగు చెడలేదు. ఏలయన మనుష్యుడు సందర్భమును చూచి అర్థము చెప్పుకొనును. అన్నము అరిగినదో, అతిథి అరిగినాడో పసివానికిని తెలియును. యంత్రమునకు సందర్భజ్ఞానము లేదు. దానికి అక్షరమే ప్రమాణము. భాషకు మేలు చేసిన ఔదార్యము యంత్రమునకు కీడు చేయుటకు కారణ మిచ్చటనున్నది.

అయినను 9413వ పత్రపు విమర్శ నాకు పూర్తిగ తృప్తి నొసగలేదు. తప్పును మన్నించు ఔదార్యము వేరు. రాబోవు క్రొత్తదానికి చోటిచ్చు ఔదార్యము వేరు. పోస్టెల్ మాట ఈ రెంటిని ఒక్క పదమున చుట్టినది. అసలు దోషము అచ్చటనున్నది. మొదటిది తగ్గవలెను, రెండవది పెరుగవలెను. రెండవది వాడుక లేక ఎండిపోవుటకు దృష్టాంతము కలదు. రహస్యలేఖన ప్రోటోకాలు 1.3వ కూర్పును 2018లో ప్రకటించునపుడు, క్రొత్త కూర్పు సంఖ్యను చూచినంతనే త్రోవలోని యంత్రములు కొన్ని సంభాషణను త్రెంచివేయుచుండెను. ఎన్నడును క్రొత్త సంఖ్య రానందున, వచ్చినచో ఏమి చేయవలెనో అవి మరచినవి. కావున 1.3వ కూర్పు పైకి 1.2వ దానివలె వేషము వేసికొని, తన నిజనామమును లోపలి యరలో చెప్పుకొనుచున్నది. దీనికి మందుగ 2020లో 8701వ పత్రము చమత్కారమైన ఆచారమును విధించినది. పంపువాడు అప్పుడప్పుడు అర్థము లేని విలువలను కావలెననియే చేర్చును. తెలియనిదానిని విస్మరించి ముందునకు సాగుట పుచ్చుకొనువాని ధర్మము. ఆ ధర్మమును మరచిన యంత్రము వెంటనే బయటపడును. వాడని తలుపు తుప్పుపట్టకుండ రోజున కొకమారు తెరచి మూయుట వంటిది. బాలురకు చదువు చెప్పునపుడు నేనును ఎరుగని పదమొకటి పాఠమున చొప్పించి, ఎవడు తడబడక ముందునకు చదువునో చూతును. ఆ పత్రకర్తలు నా తరగతికి రాకయే ఇది కనుగొనిరి.

ఇంతవరకు చెప్పినదంతయు యంత్రముల పరస్పర వ్యవహారము. మనుష్యుల భాషను గూర్చిన ఆచారము 18వది. 1998 జనవరిలో 2277వ పత్రముగ వెలువడినది. దీని ముందు కథ 1969 అక్టోబరులో మొదలగును. నాటి 20వ పత్రము ఏడు బిట్ల ఆస్కీ సంకేతమును జాలమునకు విధించినది. 128 స్థానములు; అందు ఆంగ్లాక్షరములు, అంకెలు, విరామచిహ్నములు, యంత్రసంజ్ఞలు. నాటి అవసరమునకు అది తప్పు కాదు. కాని ఆ పునాది లోతుగ పాతుకొన్నది. నే నెరిగిన యొక దరఖాస్తు పుట, విద్యార్థి మాతృభాష తెలుగని వ్రాసికొనుచునే, పేరును తెలుగున వ్రాసినచో చెల్లని అక్షరమని త్రిప్పివేసినది.

18వ ఆచారము ఈ స్థితిని చాలవరకు సరిదిద్దినది. ప్రోటోకాళ్లన్నియు సర్వలిపులను మోయు యూటీఎఫ్-8ను మోయగలిగియుండుట నిత్యవిధి యన్నది. పాఠమును మోయు ప్రోటోకాలు ఆ పాఠము ఏ భాషదో తెలుపు గుర్తును కూడ మోయగలుగుట విధి యన్నది. ఈ రెండు వాక్యములు చిన్న భాషలకు చేసిన ఉపకారము అనేక మహాసభల తీర్మానములు చేయలేదు. భాషాగుర్తు లేని తెలుగు పుటను, చూపులేని విద్యార్థికై చదివిపెట్టు ప్రోగ్రాము ఏ గొంతుతో చదువవలెనో ఎరుగక తడబడును. గుర్తు పెట్టు వీలు కలిగించుట వరకే ప్రోటోకాలు పని; పెట్టుట వ్రాసినవాని పని. అతడు పెట్టడు.

అదే పత్రమున నొక మాట నాకు ముల్లుగ నున్నది. ఎదుటివాని భాష తెలియనపుడు పంపు సందేశము ఆంగ్లమెరిగినవానికి అర్థమగునట్లుండవలెనని విధి. కంప్యూటరుతో పని చేయునపుడు లోకమున ఎక్కువమందికి అర్థముచెప్పించుకొనుటకు సాయము దొరకు భాష అదియేనని కారణము చెప్పిరి. కారణము సబబైనదే. కాని 'తెలియనపుడు' అను నిబంధన కాలక్రమమున 'అడుగనపుడు'గ మారినది. ప్రోగ్రాము వ్రాయువాడు అడుగుటకు సోమరియైనచో అతనికి ఎల్లప్పుడును తెలియని స్థితియే. ముందుగ అడుగుట నిత్యము చేసి, అటుపిమ్మట ఆంగ్లమును అనుమతించియున్నచో విధి పూర్ణమై యుండెడిది. మనవంటి ప్రవాసాంధ్రులకు మరియొక చిక్కు. 2009 నాటి భాషాగుర్తుల ఆచారమున తెలుగునకు రెండక్షరముల గుర్తు, దానివెంట దేశపు గుర్తు ఉండవచ్చును. రాష్ట్రమును చెప్పవలెనన్న ప్రత్యేకమైన పొడిగింపు కావలెను. దానిని వాడువారు అరుదు. కావున హోసూరు తెలుగు, యానాము తెలుగు, బళ్లారి తెలుగు, బరంపురము తెలుగు, విజయవాడ తెలుగు అన్నియు ఒకే గుర్తు క్రింద నుండును.

తుదకు పేర్ల సంగతి. జాలమున చిరునామాగ వాడు పేరులు తొలుత ఆస్కీ అక్షరములకే పరిమితము. 2003లోను 2010లోను వెలువడిన పత్రములచే తెలుగు పేరులును వీలైనవి. లోలోపల అవి ఆంగ్లాక్షరముల మారువేషమున ప్రయాణించును. '.భారత్' అను కొస నేడు తెలుగు లిపిలోను కలదు. ఏ లిపిలో ఏ అక్షరములు అన్నిటికంటె పైమెట్టున అనుమతింపదగునో నిర్ణయించుటకు బ్రాహ్మీజన్యములగు తొమ్మిది లిపుల పండితుల సంఘ మేర్పడినది. తెలుగు కన్నడములను గూర్చిన దాని నిర్ణయములు 2019లో మూలపట్టికను చేరినవి. అందు తెలుగు కన్నడ లిపుల సామ్యమునకు పరిష్కారము చూపిరి. అకార, ఆకారములు, సున్న, విసర్గ మొదలగునవి కంటికి రెండు లిపులందును ఒకటిగనే తోచును. యంత్రమునకు వేరువేరు సంఖ్యలు. కావున అట్టి అక్షరములతోనే ఏర్పడు పేరు ఒక లిపిలో నొకరికి దక్కినచో, రెండవ లిపిలోని దాని ప్రతిబింబము ఇతరులకు దక్కకుండ ఆపిరి. మా హోసూరు సీమలో కన్నడము నేర్వని తెలుగుపిల్లలు కన్నడ పలకలను కూడబలుకుకొని చదువుట నేను నిత్యము చూచుచున్నాను. పండితుల సంఘము కాగితముపై గుర్తించిన చుట్టరికమును వీరు బస్సు కిటికీ నుండి గుర్తింతురు. ఆ నిర్ణయము నిర్దుష్టమని నా అభిప్రాయము.

రెండవ నిర్ణయమునందు మాత్రము నాకు అసంతృప్తి కలదు. తెలుగున పొల్లుహల్లు తరువాతి హల్లుతో కలిసి ఒత్తు కాకుండ నిలుచుటకు కంటికి కనబడని విడదీత గుర్తు నొకదానిని వ్రాయుదుము. అది లేకున్నచో 'సాఫ్ట్‌వేర్' కాస్త 'సాఫ్ట్వేర్' అగును. 2003 నాటి నియమము ఈ గుర్తును చెప్పకయే తొలగించుచుండెను. 2010 నాటి 5892వ పత్రము పొల్లు తరువాత మాత్రము దీనిని అనుమతించినది. ఇది సూరి సూత్రమువలె నిమిత్తమును చెప్పి చేసిన విధి, మెచ్చదగినది. మూలపట్టికలో మాత్రము దీనికి చోటు లేదు. కనబడని గుర్తు వంచకులకు అక్కరకు వచ్చునను భయము కారణము. భయము నిజమే. పైమెట్టున అది నిషేధముగనే యుండుగాక. కాని క్రిందిమెట్టు పేరులకు అనుమతి యొసగుట ఆయా నమోదు సంస్థల చేతిలోనున్నది. పొల్లుతో తెగు పేరులు తెలుగువారు చిరకాలముగ నివసించు రాష్ట్రములందు కొల్లలు: తమిళ్‌నాడు, నాగ్‌పూర్, సంబల్‌పూర్. ఈ గుర్తు లేనిచో ఇవి వరుసగ తమిళ్నాడు, నాగ్పూర్, సంబల్పూర్ అగును.